డ్యూ ప్రాసెస్ నుంచి 21వ అధికరణ దాకా: ఒక నిబంధన ముసాయిదా చరిత్ర

1947 ఏప్రిల్ చివర్లో రాజ్యాంగ సభ ఒక నిబంధనను ఆమోదించింది. డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా, అంటే న్యాయంగా ఉందని కోర్టులు ఒప్పుకోగల చట్టప్రక్రియ, లేకుండా ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ హరించకూడదన్నది దాని సారం. ఏడాది తిరక్కుండానే, 1948 ఫిబ్రవరి 21న ముసాయిదా కమిటీ సభాధ్యక్షుడికి అందజేసిన ప్రతిలో అదే నిబంధన 15వ అధికరణగా కనిపిస్తుంది. అందులో డ్యూ ప్రాసెస్ లేదు. ఆ చోట 'చట్టం ఏర్పరచిన పద్ధతి ప్రకారం తప్ప' అని ఉంది. స్వేచ్ఛకు ముందు 'వ్యక్తిగత' అన్న విశేషణం వచ్చి చేరింది. అంటే సభ ఒప్పుకున్న మాటను ఒక చిన్న కమిటీ మార్చింది. ఆ అధికారం దానికి ఎక్కడిది? మార్చిన సంగతి సభకు ఎలా తెలిసింది? తెలిశాక సభ ఏం చేసింది? కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం తన తొలి రాజ్యాంగాన్ని ఎలా రాసుకుంటుందని ఎవరైనా అడిగితే, మొత్తం 395 అధికరణల చరిత్ర కన్నా ఈ ఒక్క నిబంధన ప్రయాణమే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

చట్టాల ముసాయిదాలు రాయడం నా వృత్తి. మా పనిలో విధానం ఒకరు నిర్ణయిస్తారు, వాక్యం ఇంకొకరు రాస్తారు. కాగితం మీద ఈ విభజన తేలిగ్గానే కనబడుతుంది. బల్ల దగ్గర కూర్చుంటే అంత తేలిక కాదు. శాఖ నుంచి వచ్చిన నోట్‌లో సగం సంగతులు తేలి ఉండవు. 'లేదా' పెట్టాలా 'మరియు' పెట్టాలా అన్నది కూడా ఒక్కోసారి విధాన నిర్ణయమే అయి కూర్చుంటుంది. అడిగి తెలుసుకునే వ్యవధి లేనప్పుడు రాసేవాడే నిర్ణయించేస్తాడు, ఎవరికీ చెప్పడు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఈ కేసునే ముందు పెట్టడానికి కారణం అదే. ఇక్కడ రాసేవాళ్లు నిర్ణయాన్ని మార్చారు, కానీ మార్చామని గీత గీసి మరీ చూపించారు.

ముందు నిర్ణయాలు, తర్వాతే వాక్యాలు

రాజ్యాంగ సభ 1946 మే 16 నాటి కేబినెట్ మిషన్ పథకం కింద ఏర్పడింది. రాష్ట్రాల శాసనసభలు సుమారు పది లక్షల జనాభాకు ఒకరి చొప్పున సభ్యుల్ని ఎన్నుకున్నాయి. వయోజన ఓటు మీద ఏర్పడిన సభ కాదది. 1946 డిసెంబరు 9న తొలిసారి సమావేశమైనప్పుడు ముస్లిం లీగ్ బహిష్కరించింది, సంస్థానాల ప్రతినిధులు ఇంకా రాలేదు. డిసెంబరు 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టారు. రానివాళ్ల కోసం కొంత ఆగుదామని ఎం.ఆర్. జయకర్ కోరారు. ఆ తీర్మానం 1947 జనవరి 22న గానీ ఆమోదం పొందలేదు.

ఈ ఆలస్యాన్ని వృథా అనుకోవడానికి లేదు. ఆ తీర్మానంలో అధికరణల భాష ఒక్క ముక్క కూడా లేదు. సర్వసత్తాక గణతంత్రం, అధికారానికి మూలం ప్రజలు, న్యాయం, సమానత్వం, అల్పసంఖ్యాకులకూ వెనుకబడిన వర్గాలకూ రక్షణ: ఇవీ అందులోని నిర్ణయాలు. ముసాయిదాకారుడికి ఇంతకన్నా మంచి నోట్ ఎవరూ ఇవ్వలేరు.

ఆ తర్వాత కమిటీలు. ప్రాథమిక హక్కులు, అల్పసంఖ్యాకులు, గిరిజన ప్రాంతాల మీద సలహా సంఘానికి పటేల్ అధ్యక్షుడు. దాని కింద ప్రాథమిక హక్కుల ఉపసంఘానికి కృపలానీ. కేంద్ర రాజ్యాంగ కమిటీ, కేంద్ర అధికారాల కమిటీలకు నెహ్రూ. రాష్ట్రాల రాజ్యాంగ కమిటీకి మళ్లీ పటేల్. రాజ్యాంగ సలహాదారు బెనగళ్ నర్సింగ్ రావు 1947 మార్చిలో కేంద్ర, రాష్ట్ర శాసనసభల సభ్యులకు ఒక ప్రశ్నావళి పంపారు. దేశాధినేతను ఏమని పిలవాలి, ఎలా ఎన్నుకోవాలి, కార్యనిర్వాహక వర్గం ఎలా ఉండాలి అంటూ సాగే ఆ ప్రశ్నలకు తోడుగా ఇతర దేశాల రాజ్యాంగాలు ఏం చెబుతున్నాయో కూడా పంపారు. కమిటీల నివేదికలు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా సభ ముందుకొచ్చి, చర్చ జరిగి, నిర్ణయాలుగా మారాయి.

ఇదంతా అయ్యాకే 1947 ఆగస్టు 29న ముసాయిదా కమిటీ పుట్టింది. అంబేడ్కర్, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, ఎన్. గోపాలస్వామి అయ్యంగార్, కె.ఎం. మున్షీ, సయ్యద్ మహమ్మద్ సాదుల్లా, బి.ఎల్. మిట్టర్, డి.పి. ఖైతాన్. మర్నాడే అంబేడ్కర్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆ కమిటీకి సభ అప్పగించిన పనిని జాగ్రత్తగా చదవాలి. సభ ఇప్పటికే చేసిన నిర్ణయాల ఆధారంగా రాజ్యాంగ సలహాదారు తయారుచేసిన ప్రతిని పరిశీలించి, సవరించి, సభకు సమర్పించడం. రాజ్యాంగం ఎలా ఉండాలో మొదటి నుంచీ ఆలోచించమని ఎవరూ చెప్పలేదు. 1947 అక్టోబరులో రావు ఇచ్చిన తొలి ప్రతిలో 243 అధికరణలు, 13 షెడ్యూళ్లు ఉన్నాయి. డ్యూ ప్రాసెస్ అప్పటికి అందులోనే ఉంది.

బి.ఎన్. రావు సభ సభ్యుడు కాదు, ఓటు లేదు. ప్రధాన ముసాయిదాకారుడు ఎస్.ఎన్. ముఖర్జీదీ అదే స్థితి. 1949 నవంబరు 25న అంబేడ్కర్ తనకు దక్కుతున్న ప్రశంస పూర్తిగా తనది కాదనీ, అందులో కొంత రావుకు చెందుతుందనీ, ముఖర్జీకి ఇంకా పెద్ద వాటా దక్కాలనీ సభలోనే చెప్పారు. ఎంత చిక్కు ప్రతిపాదననైనా అతి సరళంగా, స్పష్టంగా చట్టరూపంలో పెట్టగల నేర్పు ముఖర్జీదని ఆయన అన్న మాట మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఎప్పుడు చదివినా గుండె నిండుతుంది. రాసినవాళ్ల పేర్లు సాధారణంగా ఏ చట్టం మీదా ఉండవు.

1947 ఏప్రిల్‌లో ఏం తేల్చారు

ఉపసంఘం మొదట రాసుకున్న రూపంలో ప్రాణం, స్వేచ్ఛలతో పాటు ఆస్తి కూడా ఉంది. అమెరికా రాజ్యాంగ సవరణల నుంచి వచ్చిన వరస అది. సలహా సంఘం దగ్గరకు వచ్చేసరికి గోవింద వల్లభ్ పంత్ గట్టిగా అడ్డుపడ్డారు. భూసంస్కరణల చట్టాలు తెస్తే, అవి న్యాయమైనవా కావా అని కోర్టులు తూకం వేస్తూ కూర్చుంటాయన్నది ఆయన భయం. ఆయన అప్పటికి సంయుక్త పరగణాల (ఇప్పటి ఉత్తరప్రదేశ్) ప్రధానమంత్రి, జమీందారీ రద్దు ఆయన బల్ల మీద ఉన్న పని. మన వైపూ అదే పరిస్థితి: మద్రాసు రాష్ట్రంలో జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది, దాని కిందికి వచ్చిన ఎస్టేట్లలో పెద్ద పెద్దవి తెలుగు జిల్లాల్లోవే. చివరకు ఆస్తిని ఆ వాక్యంలోంచి తీసేశారు. ప్రాణం, స్వేచ్ఛ మిగిలాయి, డ్యూ ప్రాసెస్ మిగిలింది.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. పంత్ అభ్యంతరానికి మూలం ఆస్తి. ఆస్తిని తొలగించాక ఆ అభ్యంతరంలో చాలా భాగం తీరిపోవాలి. అయినా డ్యూ ప్రాసెస్ మీద అనుమానం పోలేదు, ఎందుకంటే 'స్వేచ్ఛ' అన్న మాట చాలా విశాలమైనది. అమెరికా సుప్రీంకోర్టు 1905లో లాక్నర్ కేసులో బేకరీ పనివాళ్ల పనిగంటల మీద పెట్టిన పరిమితిని కొట్టేసింది ఆ మాట పట్టుకునే: యజమానికీ కార్మికుడికీ ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ ఉందట. కనీస వేతనాల చట్టాలకూ కొంతకాలం అదే గతి పట్టింది. పేదరికం మీద యుద్ధం మొదలుపెట్టబోతున్న దేశం ఈ చరిత్రను చూసి జంకడంలో తప్పేమీ లేదు. 'వ్యక్తిగత' అన్న విశేషణం చేర్చడం ఆ జంకుకు నాకు తెలిసినంతలో చక్కటి, పొదుపైన మందు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేదన్నది నా అభిప్రాయం.

మార్పు ఎలా జరిగింది

1947 అక్టోబరు చివర్లో రావు విదేశాలకు వెళ్లారు. అమెరికా, కెనడా, ఐర్లాండ్, బ్రిటన్‌లలో రాజ్యాంగ నిపుణుల్ని, న్యాయమూర్తుల్ని కలిశారు. వాషింగ్టన్‌లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫీలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఆయనకు ఒక సలహా ఇచ్చారు. డ్యూ ప్రాసెస్ కింద న్యాయమూర్తులకు దక్కే సమీక్షాధికారం అప్రజాస్వామికమనీ, కొద్దిమంది న్యాయమూర్తులు ప్రజలెన్నుకున్న శాసనసభ చేసిన చట్టాన్ని వీటో చేయగలుగుతారనీ, కోర్టుల మీదా అది అన్యాయమైన భారం అనీ ఆయన అభిప్రాయం. అమెరికాలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వపు 'న్యూ డీల్' ఆర్థిక సంస్కరణల చట్టాల మీద 1930లలో జరిగిన పోరును దగ్గర నుంచి చూసిన మనిషి ఆయన. రావుకు ముందు నుంచే ఉన్న సందేహానికి ఈ మాట బలమిచ్చింది.

ఆయన తిరిగొచ్చాక, 1948 తొలి వారాల్లో ముసాయిదా కమిటీ డ్యూ ప్రాసెస్‌ను తీసేసి, 1946 నాటి జపాన్ రాజ్యాంగం 31వ అధికరణలోని 'చట్టం ఏర్పరచిన పద్ధతి' అన్న మాటను తెచ్చింది. ఆ జపాన్ రాజ్యాంగం తొలి ప్రతిని తయారుచేసింది ఆక్రమణ అధికారుల కింద పనిచేసిన అమెరికన్లే. వాళ్లూ అక్కడ డ్యూ ప్రాసెస్ పెట్టలేదు.

ఆ వారాల్లో దేశం ఎలా ఉందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. విభజన హింస ఇంకా చల్లారలేదు. కశ్మీర్‌లో యుద్ధం. జనవరి 30న గాంధీజీ హత్య. హైదరాబాద్ సంస్థానం ఇంకా భారత్‌లో కలవలేదు, తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం నడుస్తోంది. రాష్ట్రాలు విచారణ లేకుండా నిర్బంధించే శాంతిభద్రతల చట్టాలు చేసుకున్నాయి. మద్రాసు రాష్ట్రపు 1947 చట్టం వాటిలో ఒకటి. అలాంటి చట్టాలన్నిటినీ డ్యూ ప్రాసెస్ అన్న రెండు మాటల కింద కోర్టులు పరీక్షిస్తాయన్న ఆలోచన పాలకులకు ఇబ్బందిగానే ఉండేది. ఫ్రాంక్‌ఫర్టర్ సలహా ఒక్కటే ఈ మార్పు తెచ్చిందని చెప్పడం కథను మరీ సులువు చేయడం అవుతుంది.

కమిటీలోని మనుషుల సంగతి కూడా చెప్పాలి. 1948 నవంబరు 5న టి.టి. కృష్ణమాచారి సభలో ఈ సంగతి బయటపెట్టారు: ఏడుగురిలో ఒకరు సభకు రాజీనామా చేయగా ఆ చోట మరొకరు వచ్చారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఇంకొకరు ప్రభుత్వ వ్యవహారాల్లో మునిగిపోయారు, ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా ఉండి రాలేకపోయారు. చివరకు భారమంతా అంబేడ్కర్ మీదే పడింది. మిట్టర్ చోటులో వచ్చినవారు మచిలీపట్నంలో పుట్టిన ఎన్. మాధవరావు, ఖైతాన్ చోటు తర్వాత కృష్ణమాచారికే దక్కింది. అంటే ఒక మౌలిక హక్కు స్వరూపం మారేటప్పుడు ఆ బల్ల చుట్టూ కూర్చున్నది చాలా కొద్దిమంది. ఏ దేశంలోనైనా తొలి రాజ్యాంగ రచనలో ఇదే బలహీనమైన చోటు. సభ వందల మందిది, పెన్ను మాత్రం ముగ్గురు నలుగురి చేతుల్లో ఉంటుంది.

అట్టడుగు గమనిక

ఈ బలహీనతకు వాళ్లు వేసుకున్న కట్టుబాటును నేను ఈ కేసులో అన్నిటికన్నా విలువైనదిగా చూస్తాను. 1948 ఫిబ్రవరి 21న రాజేంద్రప్రసాద్‌కు రాసిన లేఖలో అంబేడ్కర్ మూడు సంగతులు చెప్పారు. సభ, దాని కమిటీలు చేసిన నిర్ణయాలను వీలైనంతవరకు పాటించాం. కొన్నిచోట్ల మార్పులు సూచించక తప్పలేదు. అలాంటి ప్రతి మార్పునూ ప్రతిలో గీత గీసి చూపించాం, ప్రతిదానికీ కారణం చెబుతూ అట్టడుగున గమనిక ఇచ్చాం.

15వ అధికరణ కింద ఆ గమనిక ఉంది. స్వేచ్ఛకు ముందు 'వ్యక్తిగత' చేర్చకపోతే 13వ అధికరణలో విడిగా చెప్పిన స్వాతంత్ర్యాలు కూడా ఇందులోకి వచ్చేస్తాయని అర్థం చెప్పవచ్చు. డ్యూ ప్రాసెస్ కన్నా జపాన్ రాజ్యాంగంలోని మాటలు మరింత నిర్దిష్టంగా ఉన్నాయి: ఇదీ సారం. నాలుగు పంక్తులు. కారణం పూర్తిగా చెప్పిందా అంటే చెప్పలేదు. శాంతిభద్రతల చట్టాల ప్రస్తావన లేదు, అమెరికా న్యాయమూర్తి సలహా ప్రస్తావన లేదు. 'మరింత నిర్దిష్టం' అన్నది ముసాయిదాకారులు వాడే మర్యాద మాట. విధానపరమైన మార్పును భాషా సౌలభ్యంగా చూపిస్తుంది. ఆ మాట వాడిన నోట్లు నేను చాలా చూశాను. అయినా ఆ గమనిక పెట్టడమే పెద్ద విషయం. అది లేకపోతే 315 అధికరణలు, 8 షెడ్యూళ్ల ప్రతిలో ఈ తేడా ఎంతమంది కంటికి ఆనేది?

ఆ ప్రతిని ప్రచురించి దాదాపు ఎనిమిది నెలలు ప్రజల ముందు ఉంచారు. రాష్ట్ర ప్రభుత్వాల నుంచి, న్యాయమూర్తుల నుంచి, న్యాయవాదుల నుంచి వ్యాఖ్యలు వచ్చాయి. 1948 నవంబరు 4న అంబేడ్కర్ దాన్ని సభలో ప్రవేశపెట్టారు. ఒక్కో అధికరణ మీద చర్చ నవంబరు 15న మొదలైంది.

డిసెంబరు 6, 13

15వ అధికరణ డిసెంబరు 6న చర్చకు వచ్చింది. డ్యూ ప్రాసెస్‌ను మళ్లీ పెట్టాలంటూ కాజీ సయ్యద్ కరీముద్దీన్ సవరణ తెచ్చారు. ఠాకూర్ దాస్ భార్గవ, జెడ్.హెచ్. లారీ వంటివాళ్లు బలపరిచారు. శాసనసభ ఒక పద్ధతి ఏర్పరిస్తే చాలు, ఆ పద్ధతి ఎంత అన్యాయమైనదైనా కోర్టు నోరెత్తలేదు కదా అన్నది వాళ్ల వాదన. ముసాయిదా కమిటీ సభ్యుడైన మున్షీ కూడా లేచి డ్యూ ప్రాసెస్ కావాలనే వాదించారు. తన కమిటీ చేసిన మార్పును సభలో బాహాటంగా కాదనడం నేటి శాసనసభల్లో ఊహకందని పని. శాసనసభలోని మెజారిటీ ఆవేశానికీ పౌరుడి స్వేచ్ఛకూ మధ్య ఒక తూకం ఉండాలన్నది ఆయన పట్టు.

ఎదురు వాదన చేసినవారు అల్లాడి. నెల్లూరు జిల్లాలో పుట్టి, మద్రాసులో పదిహేనేళ్లు అడ్వకేట్ జనరల్‌గా పనిచేసిన ఆయనకు కోర్టులంటే చులకన భావం ఉండే అవకాశమే లేదు. అమెరికా కోర్టులు ఆ మాటకు ఒక్కో కాలంలో ఒక్కో అర్థం చెప్పాయనీ, అర్థం న్యాయమూర్తుల స్వభావాన్ని బట్టి మారిపోయిందనీ, సాంఘిక చట్టాలకు అది అడ్డంకి అయిందనీ ఆయన చూపించారు. ఆ వాదన చదువుతుంటే పాండిత్యానికి చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ ఆయన ఉదాహరణలు ఆస్తి, ఒప్పందాల చుట్టూ తిరిగేవి. ఎదుటివాళ్లు అడుగుతున్నది అరెస్టయిన మనిషి గురించి. ఒకరి ప్రశ్నకు రెండోవారు జవాబివ్వలేదు.

వారం తర్వాత, డిసెంబరు 13న అంబేడ్కర్ జవాబిచ్చారు. పార్టీ మనుషులతో నిండిన శాసనసభ మౌలికమైన హక్కులకు విరుద్ధంగా చట్టాలు చేయవచ్చు, అది నిజం. సుప్రీంకోర్టులో కూర్చున్న అయిదారుగురు తమ అంతరాత్మనో, తమ ఇష్టానిష్టాలనో పట్టి ఏ చట్టం మంచిదో ఏది చెడ్డదో తేలుస్తారని నమ్మడమూ కష్టమే. రెండువైపులా ప్రమాదమే ఉందనీ, తాను ఇంతకు మించి చెప్పననీ, నిర్ణయం సభకే వదిలేస్తున్నాననీ అన్నారు. ముసాయిదా కమిటీ అధ్యక్షుడు తన ప్రతిని సమర్థించకుండా వదిలేశాడని కొందరు విమర్శిస్తారు. నాకు మాత్రం అది పద్ధతి తెలిసిన మనిషి మాటగా వినిపిస్తుంది. నిర్ణయం తమ బల్ల దగ్గర మారింది. దాన్ని తిరిగి నిర్ణయించాల్సినవాళ్ల చేతుల్లో పెట్టారు. సవరణ వీగిపోయింది. 15వ అధికరణ కమిటీ రాసినట్టే నెగ్గింది.

15ఎ

సాధారణ చట్టమైతే కథ ఇక్కడితో ముగిసేది. రాజ్యాంగ సభ మాత్రం ఇంకా దాదాపు ఏడాది పనిచేసింది, ఒకసారి నెగ్గిన అధికరణ గురించి బయటా లోపలా అసంతృప్తి పేరుకుంటూ వచ్చింది. 1949 సెప్టెంబరు 15న అంబేడ్కర్ 15ఎ అనే కొత్త అధికరణతో సభ ముందుకొచ్చారు. 15వ అధికరణ ద్వారా ఎవరినైనా ఏ పరిస్థితిలోనైనా అరెస్టు చేసే చట్టం చేసుకోవడానికి పార్లమెంటుకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చేశామన్న బాధ చాలామందికి ఉందని ఒప్పుకున్నారు. ఆ రోజు చేసినదానికి ఇది పరిహారం వంటిదనీ, డ్యూ ప్రాసెస్‌లోని సారాన్ని ఇందులో పెడుతున్నామనీ అన్నారు.

ఏముంది అందులో? అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలి. ఇష్టమైన న్యాయవాదిని పెట్టుకోనివ్వాలి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇవి ఫౌజ్‌దారీ ప్రక్రియ స్మృతి నుంచి తీసుకున్న రక్షణలే. వాటిని రాజ్యాంగంలో పెట్టడం వల్ల ఏ శాసనసభా మామూలు చట్టంతో వాటిని తీసేయలేదు. రెండో సగం వేరే కథ. ముందస్తు నిర్బంధంలో, అంటే నేరం చేయవచ్చన్న అనుమానంతో విచారణ లేకుండా పెట్టిన నిర్బంధంలో, ఉన్నవాళ్లకు ఈ రక్షణలు వర్తించవు. వాళ్లకున్న ప్రధాన రక్షణ సలహా మండలి: మూడు నెలలకు మించి నిర్బంధించాలంటే, హైకోర్టు న్యాయమూర్తి స్థాయి వ్యక్తులున్న మండలి తగిన కారణం ఉందని చెప్పాలి. దానికీ మినహాయింపులున్నాయి.

సభ ఊరుకోలేదు. లాహోర్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి బక్షీ టేక్ చంద్ తీవ్రంగా విమర్శించారు. ముసాయిదా రాసినవాళ్లకు జైలు జీవితం అనుభవంలో ఉంటే బాగుండేదని మహావీర్ త్యాగి అన్నారు. సభలో చాలామంది బ్రిటిష్ వాళ్ల కింద విచారణ లేకుండా ఏళ్ల తరబడి జైళ్లలో ఉన్నవాళ్లే. అదే అధికారాన్ని ప్రాథమిక హక్కుల భాగంలోనే రాసుకోవడం వాళ్లలో కొందరికి మింగుడుపడలేదు. మర్నాటికి కొన్ని మార్పులు చేసి ఆమోదించారు. తుది సంఖ్యలు వేసేటప్పుడు 15వ అధికరణ 21 అయింది, 15ఎ 22 అయింది.

ఒక ముసాయిదాకారుడిగా 22వ అధికరణ నిర్మాణాన్ని చూస్తే నాకు ఇబ్బంది కలుగుతుంది. మొదటి రెండు ఖండికలు స్వేచ్ఛకు కాపలా కాస్తాయి, మూడో ఖండిక ఒక తలుపు తెరిచి పెడుతుంది, మిగతావి ఆ తలుపు వెడల్పు ఎంతో కొలుస్తాయి. తెరిచిన తలుపుకు ఉండాల్సిన షరతు, అంటే ఎలాంటి పరిస్థితుల్లో ముందస్తు నిర్బంధం వాడవచ్చన్నది, అధికరణలో ఎక్కడా లేదు. యుద్ధమో, అత్యవసర పరిస్థితో ఉండాలన్న పరిమితి లేదు. ఒక వాక్యంతో పోయేదాన్ని రాయకుండా వదిలేశారంటే అది రాతలో లోపం అనుకోవడానికి వీల్లేదు. ఆ పరిమితి అక్కర్లేదని నిర్ణయించినవాళ్లు నిర్ణయించారు.

అమల్లోకి వచ్చాక

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఒక నెల రోజుల్లోనే పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టం చేసింది. మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1950 మే 19న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో మెజారిటీ ఆయన వాదన ఒప్పుకోలేదు. చట్టం అంటే శాసనసభ చేసిన చట్టమే, అది న్యాయంగా ఉందా లేదా అన్నది 21వ అధికరణ కింద చూడరాదన్నారు. సభ డ్యూ ప్రాసెస్‌ను తెలిసే వదిలేసిందన్న సంగతి ఆ తీర్పులో ప్రస్తావనకు వచ్చింది. న్యాయమూర్తి ఫజల్ అలీ విభేదించారు. నిర్బంధ కారణాలను కోర్టుకు చెప్పకూడదన్న 14వ సెక్షన్‌ను మాత్రం కొట్టేశారు.

అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976 ఏప్రిల్‌లో, జబల్‌పూర్ కేసు వచ్చింది. నిర్బంధితులు హెబియస్ కార్పస్ కోసం, అంటే తమ నిర్బంధం చట్టబద్ధమేనా అని పరీక్షించమని, కోర్టుకు రాలేరని నలుగురు న్యాయమూర్తులు తేల్చారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు దారి మార్చింది: చట్టం ఏర్పరచిన పద్ధతి న్యాయంగా, సముచితంగా, సహేతుకంగా ఉండాలి. 1947 ఏప్రిల్‌లో సభ ఆమోదించిన అర్థం ముప్ఫై ఏళ్ల తర్వాత వ్యాఖ్యానం ద్వారా తిరిగొచ్చింది. 2017లో గోప్యత హక్కును తొమ్మిదిమంది న్యాయమూర్తులు గుర్తించిందీ 21వ అధికరణ ఆధారంగానే. అల్లాడి భయపడినట్టు న్యాయమూర్తుల చేతుల్లో ఆ అధికరణ విస్తరించింది, మున్షీ కోరినట్టు మెజారిటీ మీద అదుపుగానూ నిలబడింది. అందుకే 1948 డిసెంబరు నాటి ఆ చర్చను ఇప్పుడు చదివినా పాతబడిన వాసన రాదు.

22వ అధికరణ అలా మారలేదు. తెలుగు రాష్ట్రాల్లో పత్రికలు చదివేవాళ్లకు 'పీడీ యాక్ట్' అన్న మాట తెలియనిది కాదు. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ ముందస్తు నిర్బంధ చట్టం అది, విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. దాని కింద ఒక మనిషిని ఏడాది దాకా విచారణ లేకుండా ఉంచవచ్చు. తెలంగాణలో ఆ చట్టాన్ని వాడుతున్న తీరును 2023లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. మామూలు నేరాలకు మామూలు చట్టం ఉండగా ముందస్తు నిర్బంధం ఎందుకన్నది ఆ తీర్పులోని ప్రశ్న. 1949 సెప్టెంబరులో సభ అడిగిన ప్రశ్న కూడా దాదాపు అదే.

1978లో 44వ రాజ్యాంగ సవరణ ఈ రెండు అధికరణలనూ తాకింది. అత్యవసర పరిస్థితిలో కూడా 21వ అధికరణ అమలును ఆపడానికి వీల్లేదని ఒక సెక్షన్ చెప్పింది. అది 1979లో అమల్లోకి వచ్చింది. 3వ సెక్షన్ 22వ అధికరణను సవరించింది: మూడు నెలల గడువును రెండు నెలలకు తగ్గించింది, సలహా మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మీద ఏర్పాటు చేయాలంది, దాని అధ్యక్షుడు పదవిలో ఉన్న న్యాయమూర్తి కావాలంది. సెక్షన్ల అమలు తేదీని నోటిఫై చేసే అధికారాన్ని ఆ సవరణ చట్టం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ ఒక్క సెక్షన్‌కు ఆ నోటిఫికేషన్ నేటికీ వెలువడలేదు. నిర్బంధం మీద సలహా మండలి ముందుకు వెళ్లే ప్రతి మనిషికీ ఇవాళ్టికీ వర్తిస్తున్నది 1949లో ఆమోదం పొందిన వాక్యమే.